సాహిత్యవిమర్శ – మన బిడ్డల చదువు

మన పాఠశాలలో బిడ్డలను చదివించు తల్లిదండ్రులలో అనేకులు అడుగు ప్రశ్న యొకటి కలదు. “గణితము నేర్చినచో లెక్క వచ్చును. ఆంగ్లము నేర్చినచో కొలువు దొరకును. మరాఠీ నేర్చినచో కచేరీలో పని జరుగును. తెలుగు కథలు, పద్యములు చదివి, వానిపై విమర్శ వ్రాయుటవలన మా బిడ్డకు ఏమి లభించును?” ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. పగలెల్ల మరమగ్గముల హోరులో నిలుచు తండ్రియు, చాట ఒడిలో నుంచుకొని వేయి బీడీల లెక్క పూర్తిచేయు తల్లియు తమ చెమటతో బిడ్డను చదివించుచున్నప్పుడు, ఆ చదువు దేనికని అడుగుటకు వారికి సంపూర్ణమైన అధికారము కలదు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

తెలుగును ప్రధానముగా గ్రహించి కళాశాలకు పోవు విద్యార్థులకు నేడు “ఆధునిక సాహిత్యసిద్ధాంతములు”, “విమర్శపద్ధతులు” అను అంశములు ఎదురగుచున్నవి. రూపవాదము, మార్క్సిస్టు విమర్శ, స్త్రీవాదము, దళితవాదము మొదలగు పేర్లు వినినప్పుడు ఇవి పండితులకు మాత్రమే తగిన విషయములని తోచును. కాని వీని వెనుక నున్న ఆలోచనలు పాఠశాల విద్యార్థికి గూడ అందనివి కావు. ఇంటిలో తల్లిదండ్రులు ఒకింత తోడ్పడినచో అవి మరింత సులభములగును.

విమర్శ యననేమి?

లోకవ్యవహారమున విమర్శించుట యనగా తప్పు పట్టుట యను అర్థము స్థిరపడినది. శబ్దమూలమును చూచినచో సంగతి వేరు. “మృశ్” అను సంస్కృతధాతువునకు తాకుట, తడవుట యని అర్థము. దానికి “వి” అను ఉపసర్గము చేరగా, బాగుగా తడవి చూచుట, పరిశీలించుట, ఆలోచించుట అను అర్థములు కలిగినవి. గుడ్డను వ్రేళ్లనడుమ పట్టి తడవి దాని గుణము చెప్పగల నేతపనివారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. గ్రంథమును అట్లు తడవి చూచుటయే విమర్శ.

ఒక సోలాపురపు చాదరును నలుగురి ముందు పరచితి మనుకొందము. కొనువాడు దాని పూవును, రంగును చూచును. నేసినవాడు పడుగును, పేకను, అంచును, పోగు తెగి ముడివేసిన చోటును చూచును. వ్యాపారి దాని వెలను, అది చెల్లు సంతను ఆలోచించును. నాలుగవవాడొకడు, “దీనిని నేసినవానికి కూలి యెంత ముట్టినది? కండెలు చుట్టిన యింటియాడువారికి ఏమైన ముట్టినదా?” యని అడుగును. నలుగురును చూచునది ఒకే చాదరును. నలుగురి మాటయు సత్యమే కావచ్చును. అయితే ఎఱ్ఱచాదరును చూచి పచ్చనిదని చెప్పువాని మాట మాత్రము ఏ దృష్టితోను సత్యము కాజాలదు.

సాహిత్యసిద్ధాంతము లనగా ఇట్టి వేర్వేరు చూపులే. ఆంగ్లమున “థియరీ” యను మాటకు మూలమైన గ్రీకు శబ్దమునకు చూచుట యనియే అర్థము. ఒక సిద్ధాంతము కథలోని కూర్పును చూచును. ఒకటి కాలమును చూచును. ఒకటి శ్రమను, ధనమును చూచును. మరియొకటి స్త్రీ నోటి మాటను, ఆమె మౌనమును చూచును. ఎచ్చట నిలిచి చూచుచున్నామో ఎరిగి చూచుట, చూచినదానికి గ్రంథమునుండియే సాక్ష్యము చూపుట – ఈ రెండును విమర్శకు ప్రాణములు.

పూర్వులు వేసిన బాట

ఈ విద్య పాశ్చాత్యులనుండి మాత్రమే మనకు వచ్చినదని తలచుట పొరపాటు. భరతముని నాట్యశాస్త్రమున రసమును గూర్చి చర్చించెను. 9వ శతాబ్దమున కాశ్మీరమునందు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున, మంచి కవిత్వమున పైకి చెప్పిన మాటకంటె దానివలన స్ఫురించు అర్థమే ముఖ్యమని నిరూపించెను. మన యిండ్లలో అత్తగారు కోడలితో, “నీళ్లు ఇంకను వచ్చుచున్నట్లున్నవే” యని యన్నప్పుడు, అది నీళ్లను గూర్చిన వార్త కాదు. బిందె తీసికొని పొమ్మను ఆజ్ఞ. ఆ ఆజ్ఞ మాటలలో లేదు, మాటల వెనుక ఉన్నది. ధ్వని యనగా అదియే.

తెలుగున ఆధునికవిమర్శకు గట్టి పునాది వేసిన గ్రంథములలో కట్టమంచి రామలింగారెడ్డిగారి “కవిత్వతత్త్వ విచారము” ప్రసిద్ధమైనది. ఇది 1914లో వెలువడినది. పింగళి సూరన కళాపూర్ణోదయమును ఆయన అందు పరీక్షించి, కావ్యమున అలంకారములు, వర్ణనలు ఎన్ని యున్నవని లెక్కించుటకు బదులు, కథ ఎట్లు అల్లబడినది, పాత్రలు సహజముగా నున్నవా యని ప్రశ్నించెను. పెద్దలు అంగీకరించినను అంగీకరింపకున్నను, ఆనాటినుండి తెలుగు పాఠకుడు కావ్యమును “ఎందుకు?” అని అడుగుట నేర్చెను.

ఇతరదేశములయందు ఈ పరీక్ష పలువిధముల సాగినది. 1917లో రష్యాదేశీయుడగు విక్తర్ ష్క్లోవ్‌స్కీ, అలవాటుచేత మనము చూడక విడిచిన వస్తువును క్రొత్తగా కనబడునట్లు చేయుటయే కళ యని వ్రాసెను. 1929లో ఐ. ఏ. రిచర్డ్స్ తాను కేంబ్రిడ్జి విద్యార్థులతో జరిపిన ప్రయోగమును ప్రకటించెను. కవి పేరు తెలుపక పద్యములను వారి కిచ్చి, తోచినది వ్రాయుమని ఆయన అడిగెను. గొప్ప చదువులు చదివినవారు గూడ పేరు తెలియనప్పుడు పద్యమును తప్పుగా గ్రహించుట, అవసరము లేని చోట కరగిపోవుట ఆ ప్రయోగమున బయటపడినది. 1967లో ఫ్రాన్సుదేశీయుడగు రోలాఁ బార్త్, రచయిత యుద్దేశమే రచనకు తుది అర్థము కాజాలదనియు, పాఠకునికిని అందు పాలు కలదనియు వాదించెను. ఇన్ని వాదములను బిడ్డలు కంఠస్థము చేయనక్కరలేదు. ఒక కథను చేతబట్టి ఇవి ఎట్లు పనిచేయునో చూచుట మేలు.

ఒక కథ – అయిదు చూపులు

గురజాడ అప్పారావుగారి “దిద్దుబాటు” కథ 1910లో ఆంధ్రభారతి పత్రికలో వెలువడినది. కథ చిన్నది. చదువుకొన్న యువకుడు గోపాలరావు అర్ధరాత్రము దాటినపిమ్మట ఇల్లు చేరును. కొంతకాలముగా అతడు భోగముదాని పాట వినుటకు పోవుచు, భార్యతో మాత్రము లోకోపకారమునకై సభలకు పోవుచుంటినని చెప్పుచుండెను. ఆ రాత్రి భార్య కమలిని ఇంట కనబడదు. నిద్రించుచున్న సేవకుడు రాముని కోపముతో కొట్టి లేపి, వెంటనే పశ్చాత్తాపపడును. అంతట భార్య వ్రాసిన ఉత్తరము చేతికందును. తాను ఇంట నుండుటచేతనే భర్త అబద్ధమాడవలసి వచ్చుచున్నదనియు, అందుచే పుట్టినింటికి పోవుచుంటిననియు ఆమె యందు వ్రాసెను. గోపాలరావు దుఃఖించి, భార్యను తోడి తెమ్మని రాముని బ్రతిమాలుచు, ఏమేమి చెప్పవలయునో నేర్పుచుండగా, మంచముక్రిందినుండి కమలిని నవ్వు వినబడును. కథ ముగియును.

మొదటి చూపు కథయొక్క కూర్పును గూర్చినది. రూపవాదు లడుగు ప్రశ్న యిది: రచయిత దేనిని ముందు చెప్పెను, దేనిని దాచెను? ఈ కథ ఒక రాత్రిలో, ఒక యింటిలో నడచును. కమలిని ఇంటనే యున్న సంగతిని రచయిత చివరివరకు మనకు చెప్పలేదు. గోపాలరా వెంత ఎరుగునో మనమును అంతియే ఎరుగుదుము. అందుచే అతనితోపాటు మనమును కలవరపడి, అతనితోపాటు మోసపోయి, చివర నవ్వుదుము. ఈ దాచుటయే లేకున్నచో కథ నీతిబోధగా మిగిలెడిది.

రెండవ చూపు ధ్వనిని గూర్చినది. కమలిని ఉత్తరమున ఒక్క నిందావాక్యమైనను లేదు. తప్పు తనదే యన్నట్లు ఆమె వ్రాసెను. ఆ వినయమే గోపాలరావును కొరడాకంటె ఎక్కువగా కొట్టినది. మాట ఒకటి, దెబ్బ యొకటి యగుట ఎట్లో విద్యార్థి తన మాటలలో చెప్పగలిగినచో, అతడు ఆనందవర్ధనుని పేరెరుగకున్నను ధ్వనిని ఎరిగినవాడే యగును.

మూడవ చూపు చరిత్రను గూర్చినది. ఆ కాలమున కందుకూరి వీరేశలింగముపంతులుగారును, వారి సహచరులును భోగము మేళములను ఖండించుచు, స్త్రీవిద్యను ప్రోత్సహించుచు ఉద్యమములు నడపిరి. గోపాలరావు ఆ సంస్కరణల భాష నెరిగిన యువకుడు. స్త్రీవిద్యను గూర్చి సేవకునికి ఉపన్యసించువాడు. కాని అతని నడత వేరు. లోకమును దిద్దువానిని ముందుగా ఇంటిలో దిద్దవలసి వచ్చినదని గురజాడ సంస్కర్తలను సైతము మందలించెనని ఈ చూపుతో చూచువారు చెప్పుదురు. కథ పేరునకు గల అర్థము ఇచ్చట విశాలమగును.

నాలుగవ చూపు స్త్రీని గూర్చినది. స్త్రీవాదు లడుగు ప్రశ్న: ఈ కథలో స్త్రీ ఎచ్చట ఉన్నది? కమలిని కథ ముగియువరకు మంచముక్రిందనే యున్నది. ఆమె నోటినుండి మనకు వినబడునది నవ్వు మాత్రమే. అయినను కథ నంతయు నడపినది ఆమె వ్రాసిన కాగితము. చదువు లేకున్నచో ఆ ఉత్తరము లేదు; ఉత్తరము లేకున్నచో దిద్దుబాటు లేదు. ఇంతవరకు ఇది ఆడపిల్ల చదువునకు జయము. కాని మరల అడుగవచ్చును: ఆ చదువు భర్తను దిద్దుటకేనా? ఆమెకు తనకై కోరిక యేదియు లేదా? అతడు మరునాడు మరల అదే త్రోవ పట్టినచో ఆమె కేది దిక్కు? పైగా, గోపాలరావు పాట వినవచ్చిన భోగము స్త్రీకి కథలో ఒక్క మాటయు లేదు. ఆమె జీవనము, ఆమె ఆకలి, ఆమె విద్య ఎవరికిని పట్టలేదు.

ఐదవ చూపు శ్రమను గూర్చినది. యజమాని కోపమునకు దెబ్బ తిన్నవాడు రాముడు. ఆ దెబ్బకు అతడు చేసిన తప్పేమియు లేదు. భార్యాభర్తల తగవు నవ్వుతో తీరినది. రాముని దెబ్బ యెట్లు తీరినది? చదువరులలో పలువురు ఈ ప్రశ్న నడుగకయే కథను దాటిపోవుదురు. కూలిచేయు ఇంటి బిడ్డ ఈ ప్రశ్నను ముందుగా అడుగును. అది తక్కువ ప్రశ్న కాదు. మార్క్సిస్టు విమర్శయు, దళిత విమర్శయు పుట్టినది అట్టి ప్రశ్ననుండియే.

ఇన్ని చూపులతో చూచినపిమ్మట గురజాడ కథ చిన్నబోలేదు, మరింత పెద్దదైనది. గొప్ప రచన యెన్ని ప్రశ్నలకైనను తట్టుకొని నిలుచును. నాసిరకపు రచన రెండవ ప్రశ్నకే చివికిపోవును.

మొదటి కథ యెవరిది?

విమర్శ చరిత్రను సైతము మార్చగలదనుటకు నిదర్శన మొకటి. చిరకాలము “దిద్దుబాటు” తెలుగున మొదటి కథానికగా పాఠ్యగ్రంథములయందు చెప్పబడినది. స్త్రీల రచనలను వెదకి చదివిన పరిశోధకులు పాతపత్రికలను తిరుగవేయగా, భండారు అచ్చమాంబగారి “ధనత్రయోదశి” హిందూసుందరి పత్రికలో 1902లోనే వెలువడిన సంగతి చర్చకు వచ్చినది. ప్రలోభమునకు లోనైన భర్తను పేదయిల్లాలు ధర్మమార్గమునకు మరల్చు కథ యది. ఏది మొదటిది, కథానిక కుండవలసిన లక్షణము లేవి యను వాదము నేటికిని సాగుచున్నది. ఎట్లైనను, ఎనిమిదేండ్లు ముందు వెలువడిన స్త్రీ రచన దీర్ఘకాలము లెక్కకు రాకపోవుట యేల యను ప్రశ్న నిలిచియే యున్నది.

ఈ సంగతి మనకు మరొక విధమున గూడ దగ్గరిది. అచ్చమాంబగారు (1874–1905) తెలుగుదేశమునకు వెలుపల, మధ్యభారతమున కాపురముండి తెలుగున వ్రాసిరి. పాఠశాలలో చదువుకొనలేదు, తమ్ముడు చదువుచుండగా ఇంటిలోనే నేర్చిరి. ఆ తమ్ముడే నాగపురమున చదివి, మరాఠీలో సైతము వ్యాసములు వ్రాసి, పిమ్మట తెలుగువారికి విజ్ఞానసర్వస్వమును ఆరంభించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. పరభాషాప్రాంతమున బ్రతుకుట తెలుగునకు లోపము కాదు, బలము కాగలదని ఈ అక్కాతమ్ముల జీవితములు చాటుచున్నవి.

మన వాడలోని గ్రంథములు

అచ్చుపుస్తకము మాత్రమే గ్రంథము కాదు. ఆధునికవిమర్శ మౌఖికకథను, పాటను, పటమును గూడ గ్రంథముగా చదువును. తెలంగాణమునుండి వచ్చి సోలాపురపు తూర్పుభాగమున స్థిరపడిన మన పెద్దలు తమ మగ్గముతోపాటు మార్కండేయుని కథను, భావనాఋషి కథను గూడ తెచ్చుకొనిరి. తామరతూటి దారముతో దేవతలకు వస్త్రములు నేసిన కథ మన యిండ్లలో ఎరుగనివారు లేరు. తెలంగాణమున కూనపులివారు చేర్యాల పటమును విప్పి, బొమ్మ వెంట బొమ్మ చూపుచు ఈ కథను పద్మశాలీయుల ముందు పాడుదురు. నారికేళపూర్ణిమనాడు మార్కండేయ రథోత్సవమున సోలాపుర వీథులు నిండుట మనము చూచుచునే యున్నాము.

భక్తితో వినుట ఒక రీతి. ఆ భక్తికి భంగము లేకుండగనే విద్యార్థి మరికొన్ని ప్రశ్నలు వేయవచ్చును. చేతిపనివారిని లోకము తక్కువచేసి చూచిన కాలమున, మా పని దేవతల మానము కాచిన పని యని ఒక సమాజము చెప్పుకొనుటలో ఎంత ఆత్మగౌరవము కలదు! పటము చూపు కథకుడు, వినువారి ముఖమును బట్టి కథను పెంచునా, తగ్గించునా? ఆసు పోయుట, కండెలు చుట్టుట, గంజి పెట్టుట మొదలగు పనులలో స్త్రీల చేయి సగమునకు మించియుండగా, కథలో వారి కెంత చోటు దొరకినది? అమ్మమ్మ చెప్పు కథకును, పుస్తకములోని కథకును భేదమేమి? ఈ ప్రశ్నలకు సమాధానములు ఏ గైడులోను లేవు. మన వాడలోని వృద్ధుల వద్ద నున్నవి. వారు ఉన్నప్పుడే అడిగి వ్రాసికొనవలయును.

మరాఠీ పొరుగు

మన బిడ్డలు తెలుగు, మరాఠీ, హిందీ, ఆంగ్లము అను నాలుగు భాషల నడుమ పెరుగుచున్నారు. దీనిని భారమని పలువురందురు. తులనాత్మకవిమర్శకు ఇంతకంటె మంచి భూమి లేదు. 1882లో తారాబాయి శిందే మరాఠీలో “స్త్రీపురుష తులన” వ్రాసి, స్త్రీపై మోపిన దోషములన్నిటిని పురుషునియందు చూపెను. 1897లో గురజాడ “కన్యాశుల్కము” అచ్చైనది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, బాలవితంతువు బాధను ఒకచో స్త్రీ స్వయముగా చెప్పుటకును, వేరొకచో పురుషుడు నాటకముగా వ్రాయుటకును గల భేదమును మన విద్యార్థి మూలభాషలలోనే చదివి చెప్పగలడు. హైదరాబాదు విద్యార్థికి సైతము ఈ సౌకర్యము సులభము కాదు.

అట్లే శ్రీశ్రీ “మహాప్రస్థానము” 1950లో వెలువడినది. మిల్లుకార్మికుని యింట పెరిగి కవియైన నారాయణ్ సుర్వే “మాఝే విద్యాపీఠ్” 1966లో వెలువడినది. కార్మికుని గూర్చి వ్రాయుట యెట్లు, కార్మికుడే వ్రాయుట యెట్లు? జగిత్యాలలో పుట్టి, హైదరాబాదులో పేదరికముతో జీవించి, 1993లో కన్నుమూసిన అలిశెట్టి ప్రభాకర్ తెలుగు కవితలను గూడ వీరి సరసన నుంచి చదువవచ్చును. మరాఠీ దళితసాహిత్యము 1960ల నుండి భారతీయ భాషలన్నిటిని కదిలించినది. తెలుగున స్త్రీవాద కవితల సంకలనము “నీలిమేఘాలు” 1993లోను, దళిత కవితల సంకలనము “చిక్కనవుతున్న పాట” 1995లోను వెలువడి, ఎవరు మాటాడుచున్నారు, ఎవరి పక్షమున మాటాడుచున్నా రను ప్రశ్నలను విమర్శకు కేంద్రముగా చేసినవి.

ఇంటిభాషను గూర్చిన సిగ్గు

విమర్శవలన కలుగు లాభములలో దీనిని ముఖ్యముగా చెప్పదలచితిని. మన బిడ్డల యింటిభాష తెలంగాణపు పలుకు. అందు మరాఠీ మాటలు కలిసినవి. బడి పుస్తకములోని భాష వేరు. బిడ్డ నోట తల్లి మాట రాగానే నలుగురు నవ్వినచో, వాడు క్రమముగా తల్లితో మాటాడుట తగ్గించును. పిమ్మట తెలుగు మాటాడుటయే మానును. ఒక భాష ఒక యింటినుండి వెడలిపోవు త్రోవ యిది.

విమర్శ నేర్చిన బిడ్డ మాత్రము, “ఏ జిల్లా పలుకు శుద్ధమైన తెలుగని ఎవరు నిర్ణయించిరి? ఎప్పుడు? ఎందుకు?” అని అడుగును. కాళోజీ నారాయణరావుగారు జీవితమంతయు అడిగిన ప్రశ్న యిదియే. ఆయన 1914లో కర్ణాటకప్రాంతమున జన్మించెను. తండ్రి మహారాష్ట్రుడు, తల్లి కన్నడిగురాలు. వరంగల్లు ప్రాంతమున పెరిగి, పలు భాషల నెరిగి, జనుల నాలుకపై నాడు తెలుగే పలుకుబడిగల తెలుగని వాదించెను. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 9ని తెలంగాణరాష్ట్రము భాషాదినముగా 2014 నుండి జరుపుచున్నది. ఈ చరిత్ర నెరిగిన బిడ్డకు తల్లి పలుకు సిగ్గుపడవలసినది కాదు, పరిశోధింపదగిన సొత్తు. బడిభాషను గూడ అతడు నేర్చును. కాని ఒకదానికై మరియొకదానిని పారవేయడు.

కొన్ని జాగ్రత్తలు

సిద్ధాంతము కన్నును పదునుచేయవలయును గాని కంటికి గంతలు కట్టరాదు. కథ చదువకమునుపే “ఇది స్త్రీవాదము”, “ఇది అభ్యుదయము” అని ముద్ర వేయుట, గుడ్డ చూడక చీటీని చూచి వెల కట్టుటవంటిది. గ్రంథమున లేనిదానిని ఉన్నదని చెప్పరాదు. ఒకే చూపు సర్వమును చూపునని నమ్మరాదు. ఇరువురు విద్యార్థులు ఒకే కథపై విరుద్ధముగా వ్రాసినను, తమ మాటకు కథనుండి సాక్ష్యము చూపినచో ఇరువురును మెచ్చదగినవారే. గైడులోని వాక్యములను దించి వ్రాసిన బిడ్డకు ఒక పరీక్షలో మార్కులు రావచ్చును. అయినను మరుసటి యేట క్రొత్త పద్యము ముందునకు వచ్చినప్పుడు వాని చేయి ఆగిపోవును.

ఈ విద్య తెలుగు పరీక్షతో ముగియునది కాదు. వార్తాపత్రిక చదువునప్పుడు, ఎన్నికల ఉపన్యాసము వినునప్పుడు, ప్రకటన చూచునప్పుడు, సంతకము పెట్టవలసిన కాగితము ముందునకు వచ్చినప్పుడు – ఇది యెవరు వ్రాసిరి, ఎవరికొరకు వ్రాసిరి, ఏమి దాచిరి యని అడుగు అలవాటు మనిషిని కాపాడును. అక్షరము వచ్చియు ప్రశ్న రానివాడు సగము చదివినవాడే.

తల్లిదండ్రులు చేయదగినది

“మాకు చదువు రాదు, మేమేమి చేయగలము?” అను తల్లులు కలరు. క్యూబాదేశమున 1860ల నుండి చుట్టలు చుట్టు కార్మికులు తమ కూలినుండి చందాలు వేసికొని, ఒక చదువరిని నియమించి, పని జరుగుచుండగా పత్రికలను, నవలలను బిగ్గరగా చదివించుకొనిరి. మన దేశముననే కేరళమందలి కన్ననూరు బీడీకార్మికులు తమలో నొకడు పత్రిక చదువుచుండగా వాని పాలు బీడీలను తక్కినవారు చుట్టి యిచ్చెడివారు. చేతులు పనిలో నుండగా చెవులు ఖాళీయే కదా! సోలాపురమున బీడీలు చుట్టు తల్లి ప్రక్కన కూర్చుండి, బిడ్డ దినమునకు ఒక కథ బిగ్గరగా చదివినచో ఇద్దరికిని చదువే.

చదువు ముగిసినపిమ్మట ఈ అయిదు ప్రశ్నలలో ఒకటి రెండైనను అడుగుడు. ఈ కథను చెప్పుచున్న దెవరు? ఇందులో మాటాడక యూరకున్న దెవరు? కష్టపడిన దెవరు, ఫలము ముట్టిన దెవరికి? ఇది వ్రాసిన కాలమున లోకమెట్లుండెను? నీవే వ్రాసినచో ముగింపును ఎట్లు మార్చుదువు? సమాధానము తప్పో ఒప్పో తేల్చుట మీ పని కాదు. “అట్లని కథలో ఎక్కడున్నది?” అని మాత్రము అడుగుడు. ఆ ఒక్క మాటయే బిడ్డను పుస్తకమువద్దకు మరల పంపును. రిచర్డ్స్ చేసిన ప్రయోగమును ఇంటిలోనే చేయవచ్చును: కవి పేరు మూసి పద్యము నిచ్చి, నచ్చినదా లేదా, ఏల యని అడుగుడు.

మన రాజ్యాంగము 30వ అధికరణమున భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చబడిన 350ఎ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలయునని రాష్ట్రములకు చెప్పుచున్నది. హక్కు కాగితముపై నుండును. దానిని నిలుపునది ఆ భాషలో చదివి, ఆ భాషలో ఆలోచించు బిడ్డలు. తెలుగు మాధ్యమమును విడిచి పోవు బిడ్డలు ఏటేట పెరుగుట మనమందరము చూచుచున్నదే. తెలుగు పండుగనాటి పాటగాను, పరీక్షనాటి మార్కుగాను మాత్రమే మిగిలినచో, ఏ అధికరణమును దానిని కాపాడజాలదు. బిడ్డ తన ప్రశ్నను తెలుగున అడిగి, తన సమాధానమును తెలుగున వెదకుకొన్ననాడు, అది బ్రదుకుచున్న భాష యగును.

కావున తల్లిదండ్రులు ఈ సంవత్సరము బిడ్డలకు తెలుగున ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుటతోపాటు, ఏ కథ చదివితివి, అందు నీకు అంగీకారము కానిదేమి యని గూడ అడుగవలయునని మా ప్రార్థన. నేతవిద్యలో నిపుణులైన పెద్దల బిడ్డలు, పదముల నేతను పరీక్షించు విద్యలోను వెనుకబడరని మా నమ్మకము.